నాలుగు బేళ్ల బండి



మంగళగిరిలో రత్నాల చెరువు వైపు వెళితే ఇప్పటికీ పొద్దున్నే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడులోనే ఇంకో చప్పుడు కూడా కలుస్తుంది. ఇరుకు సందులోకి వెనక్కి వెనక్కి వస్తున్న చిన్న సరుకుల బండిది. పక్కనే ఒక మనిషి నిలబడి గోడను చేత్తో తడుతూ "రానీ, రానీ, ఆపు" అంటుంటాడు. బండిలోంచి నూలు దిగుతుంది, చీరల కట్టలు ఎక్కుతాయి. నేను పుట్టింది ఆ సందుల్లోనే. మా నాన్న గుంట మగ్గం మీద నేశారు. నేను నూలు ఇచ్చి నేయించుకుని, చీరలు విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌కూ, గుంటూరుకూ వేసే వ్యాపారం చేస్తున్నాను. ఈ రోజు మీతో మాట్లాడబోయేది చీరల గురించి కాదు, వాటిని మోసే బండి గురించి.

నేనిప్పటికి మూడు బండ్లు కొన్నాను. అందుకని కొత్తగా బండి కొనాలనుకునే కుర్రవాళ్లు మా ఇంటికి వస్తుంటారు. "బాబాయ్, ఏ బండి కొనమంటావు?" అని అడుగుతారు. నేను వాళ్లను "ఏం మోస్తావురా?" అని అడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబుండదు. "అన్నీ" అంటారు. అన్నీ మోసే బండంటూ లేదు. ఆ సంగతి నాకు మా నూలు బేలు నేర్పింది.

మా మంగళగిరి చీరకు వాడేది ఎక్కువగా 80 నంబరు నూలు. చిలపల నూలు కట్టలుగా వస్తుంది. కట్ట 4.54 కిలోలు, అంటే పాతకాలపు పది పౌన్లు. అలాంటివి 40 కట్టలు కలిస్తే ఒక బేలు, 181 కిలోల పైచిలుకు. ముప్పావు టన్ను మోసే చిన్న బండిలో నాలుగు బేళ్లు వేస్తే 725 కిలోలు దాటిపోతుంది. చూడ్డానికి తొట్టి ఇంకా సగం ఖాళీగానే ఉంటుంది. కంటికి ఖాళీ కనబడుతుంది కాబట్టి ఐదో బేలు వేయమంటారు. ఆ ఐదో బేలుతో బండి హద్దు దాటుతుంది.

అదే చీరల సంగతి చూడండి. మా చీర మడతపెట్టి కడితే అరకిలోకు అటూ ఇటూ ఉంటుంది. ముప్పావు టన్నంటే 1,500 చీరలు. నాలాంటి చిన్న వ్యాపారి అన్ని చీరలు దసరాకూ, సంక్రాంతికీ కూడా ఒక్క ట్రిప్పులో ఎక్కించడు. చీరలకు కావలసింది బరువు మోసే శక్తి కాదు. చోటు కావాలి, అంతకు మించి పొడిగా ఉండాలి, దుమ్ము పడకూడదు. నూలుకు ఒక రకం బండి, చీరలకు ఇంకో రకం బండి. రెండూ ఒకే వ్యాపారం, ఒకే ఇల్లు. ఈ తేడా తెలుసుకోకుండా షోరూముకు వెళ్తే మనకు కావలసిన బండి దొరకదు, వాళ్ల దగ్గర ఉన్న బండి దొరుకుతుంది.

నా మొదటి బండి కథ చెప్పాలి. చవకగా వస్తోందని సెకండ్ హ్యాండులో ఓపెన్ బాడీ బండి కొన్నాను. పైన టార్పాలిన్ కడితే సరిపోతుందనుకున్నాను. ఒక శ్రావణ మాసం, వరలక్ష్మీ వ్రతం ముందు వారం. మంగళగిరి నుంచి బెజవాడ పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉండదు. కనకదుర్గ వారధి మీదికి వచ్చేసరికి గాలివాన పట్టుకుంది. కృష్ణ మీద గాలి ఎలా ఉంటుందో వారధి దాటిన వాళ్లకు తెలుసు. టార్పాలిన్ తాడు తెగింది. వంతెన మీద బండి ఆపడానికి వీల్లేదు, వెనక లారీలు. అవతలి ఒడ్డుకు చేరేసరికి పై వరస కట్టలన్నీ తడిసిపోయాయి. ఎర్రంచు రంగు తెల్లచీర మీదికి దిగింది. నిజాం అంచు చక్కగా, గట్టిగా నిలవడమే మా చీరకున్న పేరు. ఆ అంచే ఆ రోజు చెదిరిపోయింది. తప్పు వానది కాదు, అమ్మినవాడిదీ కాదు. చీరలు మోసేవాణ్ణి నేను, కంకర మోసేవాళ్ల బండి కొన్నాను. ఆ చీరలు నేసిన ఇళ్లకు మజూరీ మాత్రం ఆపలేదు. అది ఆపి ఉంటే ఈ రోజు మీతో మాట్లాడే ముఖం నాకు ఉండేది కాదు.

ఆ తర్వాత క్లోజ్డ్ బాడీ తప్ప ఇంకోటి కొనలేదు. దీనికి రెండు దారులున్నాయి. మారుతి ఈకో కార్గో లాంటి వ్యానయితే కంపెనీ నుంచే మూసి వస్తుంది. కారులా నడుస్తుంది, బరువు తక్కువ మోస్తుంది. చీరలకు, మందులకు, బేకరీ సరుకులకు బాగుంటుంది. దీనికి ముందు ఆ పని ఓమ్ని చేసేది. 1984లో వచ్చిన ఆ వ్యాను తయారీ 2019లో ఆగిపోయింది. రెండో దారి, ట్రక్కు తీసుకుని దాని మీద పెట్టె బాడీ కట్టించడం. మనకు ఆ పనికి బెజవాడ ఆటోనగర్ ఉంది. అక్కడి పనివాళ్ల చేయి మంచిది. అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. బాడీ ఇనుము కూడా బరువే. ఆర్‌సీలో రెండు అంకెలుంటాయి, బండి ఖాళీ బరువు, సరుకుతో కలిపి మొత్తం బరువు. డ్రైవరూ, పక్కన కూర్చునే మనిషీ, మనం కట్టించుకున్న పెట్టే అన్నీ ఆ మొత్తం బరువు లోపలే ఇమడాలి. పెట్టె 150 కిలోలు తూగితే మీ సరుకులో 150 కిలోలు తగ్గినట్టే.

ఈ చిన్న బండి మన ఊళ్లకు ఎలా వచ్చిందో కాస్త చెప్పాలి. మా నాన్నగారి కాలంలో సరుకు రిక్షా మీద బస్టాండుకు వెళ్లి, అక్కణ్ణుంచి బస్సెక్కేది. తర్వాత మూడు చక్రాల ట్రాలీ ఆటోలు వచ్చాయి. లారీకీ ఆటోకీ మధ్యలో మాకు అందుబాటులో ఏమీ ఉండేది కాదు. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 గుర్రాల శక్తి, 750 కిలోల మోత, ధర రెండు లక్షల పాతిక వేల ప్రాంతం. హిందీవాళ్లు దాన్ని చోటా హాథీ, అంటే చిన్న ఏనుగు అన్నారు. దాన్ని తయారు చేసిన గిరీష్ వాఘ్ బృందం ముందుగా మూడు చక్రాల బండి నడిపేవాళ్ల దగ్గరికి వెళ్లి మీకేం కావాలని అడిగిందట. ఒకతను, నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో మంచి సంబంధాలు వస్తాయన్నాడని చెబుతారు. నాకది నమ్మబుద్ధేస్తుంది. మా వీధిలో మొదటి ఏస్ కొన్న కుర్రాడి ఇంటి ముందు ఆ రోజు పెళ్లివారిల్లులా జనం చేరారు. ఇప్పుడు ఫాస్టాగ్ బండ్ల తరగతుల్లో ఒకదానికి ఆ బండి పేరే ఉంది. ఒక బండి పేరు ఒక జాతి పేరైపోయింది.

జపాన్‌లో ఈ ఆలోచన ఇంకా పాతది. అక్కడ సుజుకీ క్యారీ 1961 నుంచే ఉంది. ఆ దేశపు చిన్న బండ్ల చట్టం ప్రకారం పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ దాటకూడదు. వాళ్ల పల్లెల్లో వరి పొలం గట్టు పక్కన ఆగేది, ఇరుకు వీధిలో కూరలు దింపేది అదే. 2016లో మన దేశంలోకి వచ్చిన మారుతి సూపర్ క్యారీ ఆ పేరింటిదే. ఏస్ కూడా వెడల్పు మీటరున్నరే. ఈ కొలతలు ఎందుకు చెబుతున్నానంటే, పాత మంగళగిరి సందుల్లో వెడల్పు ఒక్క అరడుగు ఎక్కువయితే బండి మలుపు తిరగదు. అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి టన్నుంపావు బండి చాలా మంచి బండి. దుగ్గిరాల యార్డుకు పసుపు బస్తాలు తోలేవాడు అదే కొనుక్కోవాలి. నాకు మాత్రం అది సందు మొదట్లోనే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి బేళ్లు మనుషులు మోయాలి. కొనే ముందు ఒక టేపు పట్టుకుని మీ ఇరుకైన మలుపును కొలవండి. నేను కొలిచాను. చూసేవాళ్లు వింతగా చూశారు, పరవాలేదు.

ఒకే పనికి కట్టిన బండ్ల గురించి మన రాష్ట్రంలో అందరూ చూసిన ఉదాహరణ ఒకటుంది. 2021 జనవరి 21న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రేషన్ సరుకులు ఇళ్ల దగ్గరికి తెచ్చే వ్యాన్లను అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు. రాష్ట్రమంతా కలిపి 9,260 బండ్లు, టాటా ఏస్ గోల్డ్, మారుతి సూపర్ క్యారీ రకాలవి. బండి ధరలో 60 శాతం ప్రభుత్వ రాయితీ, 10 శాతం బండి తీసుకున్నవారి వాటా, మిగతాది బ్యాంకు అప్పు. వెనక ప్రత్యేకంగా కట్టిన పెట్టె, అందులో తూకం యంత్రం. 2025 జూన్ 1 నుంచి ప్రభుత్వం మళ్లీ రేషన్ దుకాణాల పద్ధతికి వెళ్లింది, వ్యాన్ల పని ఆగింది. ఏ పద్ధతి మంచిదన్నది ఇక్కడ నా విషయం కాదు. నా మనసు ఆ డ్రైవర్ల దగ్గరే ఆగిపోతుంది. పనిని చూసి బండిలోకి దిగినవాళ్లు వాళ్లు. పని పోయాక చేతిలో మిగిలింది బియ్యం తూచడానికి కట్టిన పెట్టె. దాన్ని విప్పి ఇంకో పనికి మార్చాలంటే మళ్లీ డబ్బు. అందుకే ఒకే కంపెనీ కాంట్రాక్టునో, ఒకే కొట్టు సరుకునో నమ్ముకుని బాడీ కట్టించేవాళ్లను నేను ఒకటే అడుగుతాను. ఆ పని రేపు ఆగితే ఈ బండి ఎల్లుండి ఏం మోస్తుంది?

ఇక బరువు దగ్గరికి మళ్లీ వస్తాను, మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది అక్కడే. కమాన్ కట్టలో ఇంకో పట్టీ ఎక్కించుకుంటే బండి ఎక్కువ మోస్తుందని అనుకుంటారు. మెకానిక్కు ఎక్కిస్తాడు, వెనక భాగం కుంగకుండా నిలబడుతుంది. కానీ బ్రేకులు పెరిగాయా? టైర్లు పెరిగాయా? కమాన్ గట్టిపడింది, బండి ఆగే శక్తి మాత్రం కంపెనీ ఇచ్చినంతే. కాజ టోల్ గేటు దాటాక హైవే మీద ముందు బస్సు ఒక్కసారి ఆగితే ఆ సంగతి తెలుస్తుంది. చట్టం కూడా ఊరుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆ పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. మా వ్యాపారంలో అంత లాభం ఏ ట్రిప్పులోనూ రాదు.

ఇంకొకటి ఉంది, ఇది చెప్పకుండా నేను ఈ ప్రసంగం ముగించలేను. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం. మిర్చి కోతల కాలంలో హైవే మీద చూస్తుంటాం. ట్రాలీలో ఇరవై మంది ఆడవాళ్లు నిలబడి ఉంటారు, అంచు మీద కూర్చున్న పిల్లలుంటారు. పెళ్లికి, తిరునాళ్లకు, పూలు కోయడానికి, అన్నింటికీ అదే బండి. ఆ తొట్టిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మలుపులో బండి వాలితే మనుషులు సరుకులా జారిపోతారు. బండి ఇన్సూరెన్సు సరుకు యజమానికో, ఆయన తరఫున వచ్చిన మనిషికో వర్తిస్తుంది కానీ ఊరికే ఎక్కించుకున్న వాళ్లకు వర్తించదు. అంటే ఆ కుటుంబానికి మనిషీ ఉండదు, పరిహారమూ నికరం కాదు. నేను బండి ఇచ్చేటప్పుడు డ్రైవరుకు ఒక్కటే చెబుతాను. మా అక్కలనీ వదినలనీ కూడా వెనక ఎక్కించవద్దు, అడిగితే నా పేరు చెప్పు, చెడ్డపేరు నాకే రానీ. ఆ మాటకు బంధువుల్లో కొందరు నా మీద అలిగారు. అలిగినా క్షేమంగా ఉన్నారు.

ఇంధనం గురించి మరీ ఎక్కువ చెప్పను. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నదే అక్కడ అసలు లెక్క. సీఎన్‌జీ చవక, కానీ సిలిండరుకు బరువుంది. సూపర్ క్యారీనే తీసుకుంటే పెట్రోలు బండి 740 కిలోలు మోస్తుంది, సీఎన్‌జీ బండి 625. నా లెక్కలో చెప్పాలంటే నాలుగు బేళ్ల బండి కాస్తా మూడు బేళ్ల బండి అవుతుంది. చీరలకు ఆ తేడా పట్టదు, నూలుకు పడుతుంది. కరెంటు బండ్లు కూడా వచ్చాయి. 2022లో వచ్చిన ఏస్ ఈవీకి ఒక చార్జింగుకు 154 కిలోమీటర్లని కంపెనీ లెక్క, మోత 600 కిలోలు. కాయితం మీది దూరం సరుకుతో, ఎండలో, ట్రాఫిక్కులో తగ్గుతుంది. అయినా మంగళగిరి, బెజవాడ, గుంటూరు మధ్యే తిరిగి రాత్రికి ఇంటికి చేరే బండికి అది చాలు. ఇంటి దగ్గర చార్జింగు పెట్టుకునే చోటుందా అన్నదే చూసుకోవాలి.

కాగితాల విషయంలో చిన్న వ్యాపారికి చాలామందికి తెలియని మేళ్లు కొన్ని ఉన్నాయి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండిని నడపవచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న ఖరారు చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. జీఎస్‌టీ నంబరున్న వ్యాపారి ఆ కట్టిన పన్నును తన అమ్మకాల పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. అదే కారు కొంటే ఆ వీలుండదు. వ్యాపారానికని కారు కొని వెనక సీటులో చీరలు కుక్కుకుని తిరిగేవాళ్లు ఈ ఒక్క మాట మీద ఆగి ఆలోచించాలి. ఫిట్‌నెస్ మాత్రం మరిచిపోవద్దు. కొత్త బండికి మొదట రెండేళ్లు, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి.

సెకండ్ హ్యాండు బండి కొనేవాళ్లకు మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త ఉంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కలంతా మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. పాపం, వాటి యజమానుల బతుకు వాటి మీదే. బాగు చేయించుకుని నడుపుకుంటున్నవాళ్ల మీద నాకు గౌరవమే. కానీ ఆ సంగతి దాచి అమ్మేవాళ్లు కూడా ఉంటారు. సీటు కింది బోల్టులు చూడండి, తుప్పు పట్టాయా అని. డోరు రబ్బరు ఎత్తి వేలు పెట్టండి, ఒండ్రు గీత చేతికి తగులుతుంది. హెడ్‌లైటు లోపల నీటి మరక చూడండి. ఇన్సూరెన్సు క్లెయిము చరిత్ర అడగండి. ఇంజను ఎప్పుడు విప్పారో చెప్పలేని బండి ఎంత చవకైనా వద్దు.

డ్రైవరు గురించి అడిగే యజమాని తక్కువ. ఈ చిన్న బండ్లలో ఎక్కువవాటికి ఇంజను సీటు కిందే ఉంటుంది. బెజవాడ మే నెల ఎండ, కింద ఇంజను వేడి, మధ్యలో మనిషి. షోరూములో ట్రయల్ డ్రైవు పొద్దున ఎనిమిదింటికి ఇస్తామంటే వద్దనండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి, అరగంట మీరే కూర్చుని నడపండి. ఆ తర్వాత మీకే తెలుస్తుంది, ఏసీ క్యాబిన్‌కు పెట్టే డబ్బు దండగో కాదో. నేను మూడో బండికి పెట్టాను. మా డ్రైవరు అప్పట్నుంచి ఇల్లు చేరేసరికి పిల్లలతో మాట్లాడే ఓపికతో ఉంటున్నానన్నాడు.

చివరికి డబ్బు. నాలుగు లక్షలు అప్పు, పది శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు 8,500 దాకా వాయిదా. నెలకు 26 రోజులు బండి కదిలితే రోజుకు 327 రూపాయలు, ఇంకా డీజిలు వేయలేదు, డ్రైవరుకు ఇవ్వలేదు. వారానికి రెండు ట్రిప్పులే ఉన్నవాడు బండి కొనకూడదు. బాడుగ బండి పిలుచుకోవాలి, లేదంటే ఆర్టీసీ కార్గోలో వేయాలి. ముద్ర రుణం దొరుకుతుందని బండి కొనవద్దు. పని ఉండి కొనండి, అప్పుడు ముద్రకు వెళ్లండి.

ఇదంతా తేల్చుకోవడానికి నేను చేసింది ఒక్కటే పని. మూడో బండికి ముందు రెండు నెలలు ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ రోజు ఏం మోశాం, ఎన్ని కిలోలు, ఎంత దూరం, తిరుగు ప్రయాణం ఖాళీగానా, సరుకుతోనా. రెండు నెలలయ్యాక చూస్తే నాలుగు బేళ్లు దాటిన రోజులు మూడే. ఆ మూడు రోజుల కోసం పెద్ద బండి కొనబోయాను. ఇప్పుడు ఆ మూడు రోజులకు బాడుగ బండి పిలుస్తున్నాను.

కొత్త బండి వచ్చిన రోజు కొండ కింది నరసింహస్వామి గుడి ముందు పెట్టి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. మా అమ్మ బానెట్ మీద పసుపు రాస్తూ, "దీంట్లో ఎన్ని బేళ్లు పడతాయిరా?" అని అడిగింది. నాలుగు, అన్నాను. "నాలుగంటే నాలుగే వెయ్యి" అంది. ఆ సాయంత్రమే మొదటి సరుకు వేశాం. నాలుగు బేళ్లు.